షాద్‌నగర్‌లో రెండు పొద్దులు

(మహబూబ్‌నగర్‌లో డిగ్రీ విద్యార్థులు, ఉపాధ్యాయులు, జూనియర్ లాయర్ల ముందు నల్గొండ న్యాయవాది ఒకరు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా కాగితం మీద పెట్టాం.)

నమస్కారం. మైకు కొంచెం కిందికి దించు తమ్ముడూ. ఆ, చాలు.

పొద్దున నల్గొండలో బస్సెక్కి మల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా వచ్చాను. పక్క సీటులో ఒక పెద్దాయన కూర్చున్నాడు. కల్వకుర్తి దాటాక మాట కలిపాడు. "ఏం పని మీద పోతున్నవు సారూ?" అన్నాడు. పాలమూరులో మీటింగు ఉంది, రౌడీలను పోలీసులు కాల్చి చంపితే జనం ఎందుకు సంబరపడతారో దాని గురించి మాట్లాడాలి అన్నాను. ఆయన నా మొహం చూసి, "దాంట్ల మాట్లాడనీకి ఏముంది సారూ? మంచిగనే చేస్తున్నరు గదా" అని కిటికీ వైపు తిరిగాడు. జడ్చర్ల వచ్చేదాకా మళ్లీ మాట్లాడలేదు. లాయర్లంటే ఆయనకు ఏం అభిప్రాయం ఉందో అర్థమైంది.

ఈ రోజు నా మాటలు ఆ పెద్దాయనకు చెప్పలేకపోయిన జవాబు అనుకోండి. ఆయన తప్పు అని చెప్పడానికి నేను రాలేదు. ఆయన ఎందుకు అట్లా అన్నాడో ముప్పై ఏళ్లుగా కోర్టు వరండాల్లో చూస్తూనే ఉన్నాను.

ముందు మన దగ్గరి సంగతి. షాద్‌నగర్ ఒకప్పుడు మీ జిల్లా. 2016 ఆగస్టు 8, పొద్దున. షాద్‌నగర్ మిలీనియం టౌన్‌షిప్‌లో ఒక ఇంటి దగ్గర పోలీసు కాల్పుల్లో గ్యాంగ్‌స్టర్ నయీం చనిపోయాడు. ఊరు భువనగిరి, మా జిల్లా. పుట్టింది మా దగ్గర, పోయింది మీ దగ్గర. రెండు నెలలు దాటాయో లేదో జిల్లాలు విడిపోయి భువనగిరి యాదాద్రికి, షాద్‌నగర్ రంగారెడ్డికి పోయాయి. కాబట్టి ఇప్పుడు మనిద్దరికీ ఆయనతో సంబంధం లేదని చెప్పుకోవచ్చు. (నవ్వులు)

మూడేళ్ల తర్వాత, 2019 డిసెంబర్ 6, మళ్లీ పొద్దున. అదే షాద్‌నగర్ పక్కన చటాన్‌పల్లి. వెటర్నరీ డాక్టరు మీద అత్యాచారం చేసి చంపిన దిశ కేసులో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. నలుగురూ మీ పాత జిల్లావాళ్లే, నారాయణపేట వైపు పిల్లలు. ఆ రోజు టీవీ చూశారు కదా మీరంతా. మీలో కొందరు అప్పటికి హైస్కూల్లో ఉండి ఉంటారు. వంతెన మీద నుంచి పోలీసుల మీద పూలు చల్లారు. పటాకులు కాల్చారు. ఆడపిల్లలు పోలీసులకు రాఖీలు కట్టారు, స్వీట్లు తినిపించారు. ఒక వారం ముందు అదే జనం షాద్‌నగర్ పోలీస్ స్టేషన్ ముందు వేలమంది చేరి, వాళ్లను మాకు అప్పగించండి అని అరిచారు. నిందితులను కోర్టుకు తీసుకుపోయే వీలు లేక మెజిస్ట్రేటే స్టేషన్‌కు రావాల్సి వచ్చింది.

ఆ పూలు చల్లినవాళ్లు రాక్షసులు కారు. మన ఇళ్లల్లో వాళ్లే. ఈ మాట మరిచిపోతే ఇక ఈ విషయంలో మనకు ఏమీ అర్థం కాదు.

మా దగ్గర ఒక క్లయింటు ఉండేవాడు. టైలరు. ఇరవై ఏళ్లు మిషను తొక్కి కూడబెట్టిన డబ్బుతో ఊరి బయట 200 గజాల ప్లాటు కొన్నాడు. ఒకనాడు పోయి చూస్తే ప్లాటులో ఎవరో కడీలు పాతి తీగ చుట్టారు. ఎవరి మనుషులో నేను చెప్పను, ఆయనకూ సరిగ్గా తెలియదు. స్టేషన్‌కు పోతే, ఇది సివిల్ మ్యాటరు, కోర్టుకు పో అన్నారు. కోర్టుకు వచ్చాడు. ఇంజంక్షన్ దావా వేశాం. అవతలివాళ్ల వకీలుకు జ్వరం, ఇంకోసారి జడ్జి గారి బదిలీ, ఇంకోసారి కమిషనర్ రిపోర్టు రాలేదు. వాయిదా మీద వాయిదా. ప్రతి వాయిదాకూ ఆయనకు ఒకరోజు కూలి పోయేది. పైగా నా ఫీజు. అది కూడా చెప్పాలి కదా.

నయీం చనిపోయిన రోజు మధ్యాహ్నం ఈ టైలరు కోర్టుకు కోవా డబ్బా తెచ్చాడు. అందరికీ పంచాడు. నేను అడిగాను: నీ ప్లాటుకూ నయీంకూ ఏం సంబంధం? అది వేరేవాళ్ల పని కదా? "ఎవడైతేంది సార్, ఒకడన్న పోయిండు గదా" అన్నాడు. నేను కూడా ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. అబద్ధం చెప్పను, తియ్యగానే ఉంది.

ఆ కోవా ముక్క నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. ఆయన పంచింది నయీం చనిపోయినందుకు అనుకున్నాను మొదట. తర్వాత అర్థమైంది. తన వాయిదాలన్నిటికీ కలిపి ఎక్కడో ఒకచోట, ఎవరి మీదైనా సరే, ఒక్కరోజులో తీర్పు వచ్చిందని పంచాడు. జనం చప్పట్లు కొట్టేది తుపాకీకి అని మేధావులు రాస్తారు. నేను చూసినంతలో ఆ చప్పట్లు వాయిదా చచ్చిపోయినందుకు.

ఇప్పుడు మిమ్మల్ని చాలా దూరం తీసుకుపోతాను. ఎల్ సాల్వడార్. మధ్య అమెరికాలో చిన్న దేశం. ఎంత చిన్నది అంటే, మన పాత ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా 18,000 చదరపు కిలోమీటర్లకు పైనే ఉండేది. ఆ దేశం మొత్తం 21,000. జనం 60 లక్షలకు కొంచెం ఎక్కువ. అంటే పాలమూరు, నల్గొండ కలిపితే జనంలో మనమే పెద్ద.

అక్కడ 1980 నుంచి 1992 దాకా అంతర్యుద్ధం నడిచింది. లక్షలమంది ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని అమెరికా పారిపోయారు. లాస్ ఏంజెలెస్ గల్లీల్లో పెరిగిన ఆ పిల్లలు అక్కడి ముఠాల్లో చేరారు, కొత్త ముఠాలు పెట్టుకున్నారు. ఎంఎస్-13, బారియో 18 అని రెండు పేర్లు గుర్తుపెట్టుకోండి. యుద్ధం అయిపోయాక అమెరికా వాళ్లను పట్టుకుని విమానాలెక్కించి వెనక్కి పంపింది. అప్పుడే యుద్ధంలో నుంచి బయటపడ్డ దేశం, పనుల్లేవు, పోలీసు వ్యవస్థ కొత్తది. ముఠాలు పాతుకుపోయాయి. కిరాణా కొట్టు నుంచి బస్సు డ్రైవరు దాకా అందరూ నెలనెలా మామూలు కట్టాలి. కట్టకపోతే చంపుతారు. ఒక ముఠా ఉండే బస్తీ పిల్లవాడు రోడ్డు దాటి అవతలి ముఠా బస్తీకి పోతే శవమై వచ్చేవాడు. 2015లో ఆ చిన్న దేశంలో ఒక్క ఏడాదిలో 6,600 మందికి పైగా హత్యకు గురయ్యారు. లక్ష మందికి వంద మంది పైన. ఆ ఏడాది ప్రపంచంలో యుద్ధం లేని దేశాల్లో అంత రక్తం పారిన చోటు లేదు.

కఠినంగా అణచాలన్న ఆలోచన కొత్తది కాదు. 2003లోనే అక్కడి అధ్యక్షుడు ఫ్రాన్సిస్కో ఫ్లోరెస్ "మానో దురా" అన్నాడు, అంటే ఉక్కు చేయి. ఒంటి మీద ముఠా పచ్చబొట్టు కనిపిస్తే చాలు, లోపల వేశారు. తర్వాత వచ్చిన అంటోనియో సాకా దానికి ముందు "సూపర్" అని తగిలించాడు. సినిమా పేరులాగ. జనానికి నచ్చింది, ఓట్లు వచ్చాయి. ముఠాలు మాత్రం జైళ్లల్లో ఒక్కచోట చేరి ఇంకా గట్టి సంఘాలైపోయాయి. ఆఫీసు జైలుకు మారింది, అంతే.

2019లో నయీబ్ బుకెలే అనే యువకుడు అధ్యక్షుడయ్యాడు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు కూడా లేవు. మొదటి రెండేళ్లలోనే హత్యలు తగ్గాయి. ఎట్లా తగ్గాయన్నది తర్వాత చెప్తాను, అసలు మెలిక అక్కడే ఉంది. 2022 మార్చి చివర్లో శుక్ర, శని, ఆదివారాలు, మూడు రోజుల్లో 87 మందిని ముఠాలు చంపాయి. రోడ్డు మీద పోయేవాళ్లను, దుకాణదారులను, దొరికినవాళ్లను దొరికినట్టు. ఆదివారం నాడే పార్లమెంటు అత్యవసర పరిస్థితి ప్రకటించింది. ముప్పై రోజులకని పెట్టారు. ఆ తర్వాత నెలనెలా పొడిగిస్తూనే పోయారు.

దాని కింద ఏం చేశారు? వారంటు అక్కర్లేదు. అరెస్టు ఎందుకు చేశారో చెప్పక్కర్లేదు. లాయరును కలవనివ్వక్కర్లేదు. మన రాజ్యాంగం 22వ అధికరణం ఏం చెప్తుంది? ఇరవై నాలుగు గంటల్లో మెజిస్ట్రేటు ముందు పెట్టాలి. అక్కడ మూడు రోజులుగా ఉన్న గడువును పదిహేను రోజులు చేశారు. 80,000 మందికి పైగా అరెస్టయ్యారు. మీ పాత జిల్లా జనాభాకు లెక్క కట్టి చూడండి. యాభై వేల మంది అవుతుంది. మహబూబ్‌నగర్, నారాయణపేట, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్... ఏ ఊళ్లో చూసినా కొన్ని ఇళ్లల్లో మగవాళ్లు లేరు అన్నట్టు. 40,000 మందిని పెట్టగల జైలు కట్టారు. బోడిగుండ్లు, తెల్ల నిక్కర్లు, ఒంగి ఒకరి వెనుక ఒకరు పరుగెత్తే ఖైదీలు... ఆ వీడియోలు మీ ఫోన్లలోకి కూడా వచ్చే ఉంటాయి. కెమెరా ఎక్కడ పెట్టాలో ముందే అనుకుని తీసిన వీడియోలు అవి.

ఇప్పుడు నా వృత్తివాళ్లకు నచ్చని మాట చెప్పాలి. హత్యలు నిజంగా తగ్గాయి. ప్రభుత్వ లెక్క ప్రకారం 2024 మొత్తంలో 114. ఆ లెక్కలో పోలీసు కాల్పుల్లో పోయినవాళ్లు, జైల్లో పోయినవాళ్లు లేరన్న విమర్శ ఉంది, అది నిజమే. అయినా 6,600 ఎక్కడ, 114 ఎక్కడ. సాయంత్రం ఆరు తర్వాత గడప దాటని తల్లి ఇప్పుడు పిల్లవాణ్ని బాలు ఇచ్చి గ్రౌండుకు పంపుతోంది. కొట్టు నడిపే ఆమెకు మామూలు మిగిలింది. మానవ హక్కుల గురించి ఆమెకు ఉపన్యాసం ఇవ్వడానికి నాకు నోరు రాదు. 2024 ఫిబ్రవరి ఎన్నికల్లో బుకెలేకు దాదాపు 85 శాతం ఓట్లు వచ్చాయి. పార్లమెంటులో 60 సీట్లకు 54. మన దగ్గర ఎవరికైనా అట్లా వస్తే రిగ్గింగు అనుకుంటాం. అక్కడ జనం నిజంగానే వేశారు.

మరి లాయరు ఏడుపు ఎందుకు అంటారా? రెండు సంగతులు చెప్తాను.

ఒకటి. వరుసగా రెండోసారి అధ్యక్షుడు కావడానికి వాళ్ల రాజ్యాంగం అప్పట్లో ఒప్పుకునేది కాదు. 2021 మే నెలలో కొత్త పార్లమెంటు కూర్చున్న మొదటి రోజే రాజ్యాంగ న్యాయస్థానం జడ్జీలను తీసేశారు. కొత్త జడ్జీలు వచ్చారు, కొన్ని నెలల్లోనే, పోటీ చేయొచ్చు అన్నారు. 2025 జూలైలో రాజ్యాంగాన్నే సవరించి, ఎన్నిసార్లయినా పోటీ చేయొచ్చు అన్నారు. తేదీలు చూడండి. ముఠాల మీద దాడి మొదలైంది 2022లో. జడ్జీలను తీసేసింది 2021లో. ముఠాల కోసం కోర్టును పక్కన పెట్టారు అని మనం అనుకుంటాం. కోర్టును ముందే పక్కన పెట్టేశారు.

రెండోది మెలిక. 2021 డిసెంబర్‌లో అమెరికా ఆర్థిక శాఖ బుకెలే ప్రభుత్వంలో ఇద్దరు అధికారుల మీద ఆంక్షలు పెట్టింది. ఎందుకు? జైళ్లలో ఉన్న ముఠా నాయకులతో రహస్యంగా బేరాలాడారని. హత్యలు తగ్గించండి, మీకు కావాల్సినవి ఇస్తాం అని. ప్రభుత్వం కాదంది. అక్కడి జర్నలిస్టులు జైలు రికార్డులు బయటపెట్టి అవునన్నారు. మొదటి రెండేళ్లు హత్యలు ఎట్లా తగ్గాయన్న ప్రశ్నకు ఇది ఒక జవాబు. ఇప్పుడు ఆ ముఠా మనుషుల్లో చాలామంది ఎవరూ కలవలేని జైల్లో ఉన్నారు. వాళ్లను కోర్టులో నిలబెట్టి, మీతో బేరమాడింది ఎవరు నాయనా అని అడిగే రోజు వస్తుందా?

ఎనిమిది వేల మంది అమాయకులను వదిలేశామని బుకెలేనే ఒకసారి చెప్పుకున్నాడు. గొప్పగానే చెప్పుకున్నాడు. ఇంకా లోపల ఉన్నవాళ్లలో ఎందరు అట్లాంటివాళ్లో చెప్పే కోర్టు లేదు. వందలమంది కస్టడీలోనే చనిపోయారని అక్కడి హక్కుల సంఘాలు లెక్క రాస్తున్నాయి.

ఫిలిప్పీన్స్ సంగతి క్లుప్తంగా. రోడ్రిగో డుటెర్టే 2016లో గెలిచాడు, మత్తుమందుల మీద యుద్ధం అన్నాడు. ప్రభుత్వ లెక్కలోనే ఆరు వేల మందికి పైగా చనిపోయారు. 2025 మార్చిలో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు వారంటు మీద పట్టుకుని హేగ్‌కు తీసుకుపోయారు. మే నెలలో ఎన్నికలు వచ్చాయి. అక్కడ జైల్లో కూర్చునే తన సొంత ఊరు దవావ్‌కు మేయరుగా భారీ మెజారిటీతో గెలిచాడు. వారంటు ఆయన్ను పట్టుకుంది, ఓటరును పట్టుకోలేదు. బ్రెజిల్‌లో 2025 అక్టోబర్ 28న రియో మురికివాడల్లో పోలీసు దాడిలో 120 మందికి పైగా చనిపోతే సర్వేల్లో ఎక్కువమంది మంచి పని అన్నారు. ఈక్వడార్ ఇంకా విచిత్రం. 2024 జనవరిలో సాయుధ ముఠా టీవీ స్టూడియోలోకి లైవ్‌లో జొరబడింది. అధ్యక్షుడు నొబోవా ముఠాల మీద యుద్ధం ప్రకటించాడు, సైన్యాన్ని రోడ్ల మీదికి దించాడు, 2025 ఏప్రిల్‌లో మళ్లీ గెలిచాడు. హత్యలు మాత్రం అదే 2025లో మళ్లీ పెరిగాయి. అంటే పని జరిగిందా లేదా అన్నదానికీ ఓటుకూ అనుకున్నంత చుట్టరికం లేదు. నడుం కట్టినట్టు కనిపించాలి. అంతే.

ఇక మన దేశానికి వద్దాం. ఉత్తరప్రదేశ్‌లో బుల్డోజర్ ఎన్నికల గుర్తులాగ అయిపోయింది. బీజేపీవాళ్లు ర్యాలీల్లో బుల్డోజర్లు నడిపించారు, 2022లో గెలిచారు. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది, నిందితుడని ఇల్లు కూల్చడానికి వీల్లేదు, పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి అని. ఆ ఇంట్లో వాడి తల్లి, వాడి చెల్లె కూడా ఉంటారు కదా. వికాస్ దూబే సంగతి గుర్తుందా? 2020 జూలైలో కాన్పూర్ దగ్గర ఎనిమిది మంది పోలీసులను చంపించాడు. వారం తిరగకముందే ఉజ్జయినిలో దొరికాడు. తీసుకొస్తుంటే కారు బోల్తా పడింది, పారిపోబోయాడు, కాల్చామన్నారు. తర్వాత వేసిన విచారణ కమిషన్ ఎన్‌కౌంటర్‌లో పోలీసుల తప్పు లేదంది. అదే కమిషన్ ఇంకో మాట కూడా రాసింది. దూబేకు స్థానిక పోలీసులతో, అధికారులతో సంబంధాలున్నాయని, వాళ్లే వాణ్ని పెంచారని. పెంచినవాళ్ల పేర్లు వాడి నోటి నుంచి కోర్టులో రావాల్సింది. రాలేదు.

మళ్లీ నయీం దగ్గరికి వస్తాను. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా అక్కడే ఉంది.

నయీం ఒకప్పుడు పీపుల్స్ వార్ అనే నక్సలైట్ పార్టీ మనిషి. 1993 జనవరిలో హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో ఐపీఎస్ అధికారి వ్యాస్‌ను చంపిన కేసులో నిందితుడు. తర్వాత వాళ్ల నుంచి విడిపోయి వాళ్లకే ఎదురు తిరిగాడు. 1999లో భువనగిరిలో గాయని బెల్లి లలితను చంపి, శవాన్ని ముక్కలు చేసి పడేశారు. అది నయీం ముఠా పనే అన్నారు. 2001లో మా నల్గొండలోనే పౌరహక్కుల సంఘం నాయకుడు ఆజం అలీని నరికి చంపారు. అప్పుడు మా బార్‌లో కొందరం కొన్నాళ్లు సాయంత్రాలు ఒంటరిగా ఇంటికి పోయేవాళ్లం కాదు. నలుగురు కలిసి నడిచేవాళ్లం. ఆ రోజుల్లో ఇట్లాంటి ముఠాల వెనుక పోలీసుల అండ ఉందని హక్కుల సంఘాలు ఎంత అరిచినా పట్టించుకున్నవాళ్లు లేరు. మనిషిని పట్టుకోలేకపోయారు. పట్టుకోవాలని ఉందో లేదో కూడా తెలియదు. ఆ మనిషి పదేళ్లకు పైగా భూములు, సెటిల్‌మెంట్లు, బెదిరింపులు నడిపాడు. అజ్ఞాతంలో ఉన్నవాడు అన్ని రిజిస్ట్రేషన్లు ఎట్లా చేయించుకున్నాడు? సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్ర వేయడానికి నేను పోతేనే సగం రోజు నిలబెడతారు.

చనిపోయాక ఇంట్లో డబ్బు, నగలు, ఆయుధాలు, భూముల కాగితాలు దొరికాయి. సిట్ అని ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేశారు. వందల కేసులు పెట్టారు. జనం ధైర్యంగా వచ్చి ఫిర్యాదులు ఇచ్చారు. కొందరు పోలీసు అధికారుల పేర్లు, నాయకుల పేర్లు పేపర్లలో వచ్చాయి. కొందరు సస్పెండయ్యారు. తర్వాతి రోజుల్లో, ఆధారాలు లేవని ఆ అధికారుల మీద అనుమానం కొట్టేశారు. ఆధారాలు ఎట్లా ఉంటాయి? ప్రధాన సాక్షి షాద్‌నగర్‌లో పడిపోయాడు కదా.

కాల్పులు ఏ పరిస్థితిలో జరిగాయో నేను తీర్పు చెప్పడం లేదు. నేను చెప్పేది ఆ తర్వాతి సంగతి. మనం స్వీట్లు పంచుకుంటుంటే, ఎక్కడో కొన్ని ఇళ్లల్లో మనకంటే ఎక్కువ సంతోషంగా పంచుకున్నారు. ఆ ఇళ్లు ఎవరివో మనకు ఇక తెలియదు.

దిశ కేసులో ఇంకో సంగతి. ఆ కేసు నడపడానికి ఫాస్ట్‌ట్రాక్ కోర్టు ఎక్కడ ప్రకటించారో గుర్తుందా? మీ మహబూబ్‌నగర్‌లో. ఇక్కడి నుంచి నడిచిపోయేంత దూరం. ఆ వారంలోనే ఆ కోర్టుతో పని లేకుండా పోయింది. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారు, పది మంది పోలీసుల మీద హత్య విచారణ జరగాలి అంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా అంది. ఆ నివేదిక హైకోర్టుకు పోయింది. పూలు చల్లినవాళ్లలో ఆ నివేదిక చదివినవాళ్లు ఎందరు? చదవలేదని నేను తప్పు పట్టను. వందల పేజీలు, ఇంగ్లీషు.

మూడు రోజుల ముందు సంగతి మాత్రం అడుగుతాను. 2019 నవంబర్ 27న దిశ. నవంబర్ 24న, ఆసిఫాబాద్ జిల్లాలో ఊరూరా తిరిగి సామాన్లు అమ్ముకునే ఒక దళిత మహిళను అట్లాగే చేసి చంపారు. సమత కేసు అన్నారు. ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు విచారించి, సాక్షులను విని, 2020 జనవరి 30న ముగ్గురికి మరణశిక్ష వేసింది. డెబ్బై రోజులు కూడా పట్టలేదు. వారం తిరిగేసరికి మా నల్గొండ కోర్టు హాజీపూర్ పిల్లల హత్యల కేసులో మరణశిక్ష వేసింది. మరణశిక్ష మంచిదా చెడ్డదా అన్నది ఇంకో రోజు కొట్లాడుకుందాం, నాకు దాని మీదా అభ్యంతరాలున్నాయి. నేను అడిగేది ఒక్కటే. ఆదిలాబాద్ జడ్జి మీద, సాక్ష్యం చెప్పిన ఆ ఊరివాళ్ల మీద ఎవరైనా పూలు చల్లారా? దిశ పేరు దేశమంతా తెలుసు. సమత పేరు ఈ హాల్లో ఎంతమందికి గుర్తుంది? చేతులెత్తండి. (కొద్ది చేతులు) చూశారా.

నాయకులు మూర్ఖులు కారు. ఈ లెక్క వాళ్లకు మనకంటే బాగా తెలుసు. కోర్టులో ఖాళీలు నింపితే ఎవరూ ఫ్లెక్సీ కట్టరు. ఫోరెన్సిక్ ల్యాబుకు ఇంకో రెండు మిషన్లు కొనిస్తే వాట్సాప్‌లో ఎవరూ ఫార్వర్డ్ చేయరు. సాక్షిని కాపాడటం అసలు కనిపించని పని, కనిపిస్తే సాక్షి బతకడు. మిర్యాలగూడ ప్రణయ్ హత్య 2018 సెప్టెంబర్‌లో. సుపారీ ఇచ్చి చంపించారు. తీర్పు వచ్చింది 2025 మార్చిలో, మా నల్గొండ కోర్టులోనే. ఆరున్నరేళ్లు. కత్తి పట్టినవాడికి మరణశిక్ష, మిగతావాళ్లకు యావజ్జీవం. ఆరున్నరేళ్లు ప్రణయ్ కుటుంబం కోర్టు మెట్లెక్కింది. అసెంబ్లీ ఎన్నికలు ఆ మధ్యలో రెండుసార్లు వచ్చిపోయాయి. ఏ నాయకుడైనా ఆ తీర్పును తన ఖాతాలో వేసుకోగలడా? ఎన్‌కౌంటర్ అయితే తెల్లారేసరికి ఖాతాలో పడుతుంది.

జూనియర్లు ఉన్నారు కాబట్టి పీడీ యాక్టు, అంటే ముందస్తు నిర్బంధ చట్టం గురించి ఒక్క మాట. 1986 చట్టం. గూండా అని పేరు పెట్టి విచారణ లేకుండా ఏడాది లోపల పెట్టొచ్చు. అసాధారణ పరిస్థితుల కోసం పెట్టిన చట్టం. మన దగ్గర బెయిలు వస్తుందనుకున్న ప్రతివాడి మీదా వాడారు. కల్తీ విత్తనాలు అమ్మినవాడి మీద కూడా పీడీ యాక్టు పెడతామంటే రైతులు చప్పట్లు కొట్టారు, మా నాన్న బతికి ఉంటే ఆయనా కొట్టేవాడు. 2023 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఇదే తెలంగాణ పోలీసుల అలవాటును గట్టిగా తప్పుపట్టింది. ఎన్‌కౌంటర్ల మీద 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా చదవండి. ఎఫ్ఐఆర్ కట్టాలి, వేరే స్టేషనో సీఐడీయో దర్యాప్తు చేయాలి, తేలేదాకా అవార్డులు ప్రమోషన్లు ఇవ్వకూడదు. చదివి ఎక్కడ అమలవుతున్నాయో నాకు ఫోన్ చేయండి.

దేశంలో జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. నేరం రుజువు కానివాళ్లు. ఈ మాట చెప్పినప్పుడల్లా ఒక ప్రశ్న వస్తుంది, ఇప్పుడు కూడా వెనక వరుసలో చేయి లేచింది. అడుగమ్మా.

(ఒక విద్యార్థిని: "సార్, మీ ఇంట్లోవాళ్లకే అట్లా జరిగితే మీరు ఇట్లనే మాట్లాడతారా?")

మాట్లాడను. ఆ రోజు నేను కూడా తుపాకీ అడుగుతాను. అందుకే ఆ రోజు తుపాకీ నా చేతిలో ఉండకూడదు. నా చేతిలోనే కాదు, నా బాధ చూసి ఓట్లు లెక్కపెట్టుకునేవాడి చేతిలో కూడా. ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు తల్లీ. ఉంటే బస్సులో ఆ పెద్దాయనకే చెప్పేవాణ్ని.

టైలరు సంగతి మధ్యలో వదిలేశాను కదా. ఆయన పోయాడు, కరోనా రెండో వేవులో. ప్లాటు రాలేదు. కడీలు పాతినవాళ్లలో ఒకడు ఏదో గొడవలో చచ్చిపోయాడని విన్నాం. అప్పటికే ఆ ప్లాటు మూడు చేతులు మారింది. ఇప్పుడు దాని మీద రెండంతస్తుల ఇల్లు ఉంది, అందులో ఏ పాపం తెలియని ఒక టీచరు కుటుంబం ఉంటోంది. బ్యాంకు లోనుతో కొన్నారు. టైలరు భార్యను వారసురాలిగా దావాలో చేర్చాం. వచ్చే మంగళవారం వాయిదా. ఆమె పొద్దున తొమ్మిదింటికే వచ్చి కోర్టు ముందు చింతచెట్టు కింద కూర్చుంటుంది. కాబట్టి రాత్రి బస్సుకే పోవాలి నేను. కల్వకుర్తి బస్సు ఎన్నింటికో ఎవరైనా కనుక్కుని చెప్పండి.